పని లేని ఊళ్లకు ప్రయాణం

"ఆడ పనేముంది బిడ్డా?"

ఈ మే నెలలో ఆదిలాబాద్ అడవులు చూసుకుంటూ చంద్రపూర్ మీదుగా నాగపూర్ దాకా పోయొస్తామని ఫోన్లో చెప్పినప్పుడు మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది. వెటకారానికి అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. మాది నాగర్‌కర్నూల్ జిల్లా. పాలమూరు కూలీల గురించి చదివిన వాళ్లకు ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. మా అమ్మానాన్నలు చూసినన్ని ఊళ్లు యూట్యూబులో ఏ ట్రావెల్ వ్లాగరూ చూసి ఉండడు. కాలువలు తవ్వారు, కట్టలు పోశారు, రోడ్లు వేశారు. కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్ తిరిగారు. మేస్త్రీ ఎక్కించిన లారీ ఎక్కారు, దింపిన చోట గుడిసె వేసుకున్నారు. కానీ చూడడానికని ఒక్క ఊరికీ పోలేదు. ఊరు దాటడానికి మా ఇంట్లో ఉన్న మాట వలస. ఇంకొకటి జాతర. పని లేని చోటికి, దేవుడు లేని చోటికి, పెళ్లో చావో లేని చోటికి డబ్బు ఖర్చు పెట్టుకుని పోవడానికి మా దగ్గర మాట కూడా లేదు.

నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పీహెచ్‌డీ నాలుగో సంవత్సరం. సెమినార్లకు ఢిల్లీ పోయాను, ధర్నాలకు పోయాను, ఇంటర్వ్యూలకు పోయాను. ఆలోచిస్తే అవన్నీ కూడా పని ప్రయాణాలే. ఊరికే తిరగడానికి బయల్దేరడం ఇదే మొదటిసారి. బ్యాగు సర్దుకుంటుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది. ఆ తప్పు భావన గురించే ఈ వ్యాసం మొదలుపెట్టాను. రాస్తుంటే ఇంకా వేరే చోట్లకు పోయింది.

మేం నలుగురం. నేను, నా రూమ్మేట్, ఒక జూనియర్, మా డిపార్ట్‌మెంట్ స్నేహితుడొకడు. రూమ్మేట్ గోండు, జైనూర్ వైపు పిల్ల. జూనియర్‌ది గుంటూరు దగ్గర మాలపల్లె. నేనూ స్నేహితుడూ మాదిగలం. నలుగురిలో ముగ్గురం నాన్-నెట్ ఫెలోషిప్ మీద బతుకుతున్నాం. నెలకు 8,000 రూపాయలు, అదీ వచ్చినప్పుడు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఆ అంకె పదేళ్లకు పైగా కదల్లేదు. కాబట్టి తొమ్మిది రోజులకు తలా ఐదు వేలు దాటకూడదని లెక్క వేసుకున్నాం. జేబీఎస్‌లో మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాకూ రూమ్మేట్‌కూ జీరో టికెట్. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కదా. జూనియర్ ఆధార్ మీద ఆంధ్రా అడ్రస్ ఉంది కాబట్టి ఆమెకు టికెట్ పడింది. "ఎనిమిదేళ్లు హైదరాబాద్‌లో చదివినా నేను నాన్‌లోకలేనా అక్కా" అని మంచిర్యాల దాకా గొణుగుతూనే ఉంది. స్నేహితుడు మగవాడు కాబట్టి అతనికి ఎటూ తప్పదు. ఈ పథకం మీద మధ్యతరగతి మగవాళ్లు వేసే జోకులు మనం వింటూనే ఉన్నాం. నేను మాత్రం ఒక్కటే చెబుతాను. ఆ జీరో టికెట్ లేకపోతే ఈ ప్రయాణం లేదు. ఆ బస్సులో నా పక్క సీట్లో కూర్చున్న యాభై ఏళ్ల మనిషి, ఏ పనీ లేకుండా చెల్లెల్ని చూడ్డానికి లక్షెట్టిపేట పోతున్నానని చెప్పింది. "ఊకెనే" అంది. ఆ మాట నాకు చాలా నచ్చింది.

బయల్దేరే ముందు అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మళ్లీ చదివాను. దాన్ని మనం అవమానాల చిట్టాగా చదువుతాం, క్లాసుల్లో అలాగే చెబుతారు. ఈసారి నాకు అది ప్రయాణాల పుస్తకంలా కనిపించింది. అందులో దాదాపు ప్రతి అవమానమూ రోడ్డు మీదే జరుగుతుంది. 1901లో తండ్రి దగ్గరికి బయల్దేరిన పిల్లలు మసూర్ స్టేషన్లో దిగుతారు, కులం తెలిశాక బండివాడు దొరకడు, రెట్టింపు కిరాయి ఇచ్చి తామే బండి తోలుకోవాల్సి వస్తుంది, రాత్రంతా నీళ్లుండవు. బరోడాలో ఉద్యోగానికి పోతే ఉండడానికి గది దొరకదు. 1929లో చాలీస్‌గావ్‌లో, మహర్ మనిషిని ఎక్కించుకుని టాంగా తోలడానికి తోలేవాడు ఒప్పుకోక, తోలడం రానివాడు పగ్గాలు పట్టుకుంటే ఆయన కిందపడి కాలు విరుగుతుంది. 1934 నాటి దౌలతాబాద్ ఘటన దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే అది పని మీద చేసిన ప్రయాణం కాదు. ఉద్యమంలోని సహచరులు నాలుగు ఊళ్లు చూసొద్దామని అడిగితే ఆయన సరేనన్నాడు. ముప్పై మంది దాకా నాసిక్‌లో బస్సులూ కార్లూ మాట్లాడుకుని, వేరూళ్ బౌద్ధ గుహలు చూడడానికి బయల్దేరారు. అంటే అచ్చంగా మేం చేసిన పనే. దారిలో దౌలతాబాద్ కోట, అప్పటి నిజాం రాజ్యం. కోట వాకిట్లో తొట్టిలో నీళ్లతో ముఖాలు కడుక్కున్నందుకు గొడవ. చివరికి కోటలోకి వదిలారు గానీ, ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడడానికి ఒక తుపాకీ సిపాయిని వెంట పంపారు.

ఆ ఘటనలో అందరూ గుర్తుపెట్టుకునేది నీళ్ల తొట్టిని. నాకు గుర్తుండిపోయింది అంతకు ముందు ఆయన మామూలుగా చెప్పేసిన చిన్న విషయం. తమ పర్యటన సంగతి కావాలనే ఎవరికీ చెప్పలేదట. ఎవరో తెలియకుండా మామూలు యాత్రికుల్లా పోదామనుకున్నారట. ఆగే చోట్ల మాత్రం తమ మనుషులకు ముందే కబురు పంపారట. కొలంబియాలో, లండన్‌లో చదువుకున్న మనిషి, రౌండ్ టేబుల్ సమావేశాలకు పోయొచ్చిన మనిషి, గుహలు చూడడానికి కులం దాచుకుని పోయాడు. అమెరికాలో విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936లో నల్లజాతి ప్రయాణికుల కోసం గ్రీన్ బుక్ మొదలుపెట్టాడు. ఏ ఊళ్లో ఏ హోటల్ రానిస్తుంది, ఏ పెట్రోల్ బంకు దగ్గర ఆగవచ్చు అనే జాబితా అది. అలాంటిది మనకు అచ్చు కాలేదు. మన గ్రీన్ బుక్ ఆ 'ముందే కబురు పంపడమే'. ఇప్పటికీ అదే. మేం బయల్దేరే ముందు మా సీనియర్ ఒకరు తొమ్మిది ఫోన్ నంబర్లు వాట్సాప్‌లో పంపారు. మంచిర్యాలలో ఒక టీచర్, ఆసిఫాబాద్‌లో ఒక వీఆర్ఏ, రాజురాలో బుద్ధవిహారం చూసుకునే దాదా, ఇలా. "ఇబ్బంది అయితే జై భీమ్ అని చెప్పి ఫోన్ చేయండి" అని కింద రాశారు. అప్పుడు నవ్వుకున్నాం. మూడో రోజే అవసరం పడింది.

ఆ ఊరి పేరు, లాడ్జి పేరు రాయను. రిజిస్టర్లో పేర్లు రాస్తూ కౌంటర్ దగ్గరి మనిషి నా ఆధార్ అటూ ఇటూ తిప్పాడు. ఇంటిపేరు రెండుసార్లు చదివాడు. "ఏ ఊరు మేడం మీది?" అన్నాడు. చెప్పాను. "ఊర్లె ఎటుదిక్కు?" అన్నాడు. ఈ ప్రశ్న అర్థం తెలియని వాళ్లు ఈ వ్యాసం చదివేవాళ్లలో ఉండకపోవచ్చు. "పడమర దిక్కే అన్నా" అని జూనియర్ మధ్యలో నవ్వుతూ అనేసింది. మొదట మూడు వందలు తక్కువ చేస్తానని తానే బేరమాడిన మనిషి, ఫోన్ చూసుకుని, పెళ్లి పార్టీ వస్తుందట, మరిచిపోయానన్నాడు. కోపంగా కూడా అనలేదు, ఎంతో మర్యాదగా అన్నాడు. నలుగురం రోడ్డు మీద నిలబడి నంబర్ల జాబితా తీశాం. ఆ రాత్రి ఒక అంగన్‌వాడీ ఆయా ఇంటి మేడ మీద చాపలు పరుచుకుని పడుకున్నాం. ఆమె జొన్నరొట్టెలు చేసి, ఎండుచేపల పులుసు పోసింది. పైసలిస్తే తీసుకోలేదు. ఉదయం లేచేసరికి లాడ్జి డబ్బులు మిగిలాయి కదా అని మా స్నేహితుడు లెక్క చెప్పాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

రుజువేంటి అని అడిగే మిత్రులుంటారు. నిజంగానే పెళ్లి పార్టీ వచ్చిందేమో. ఈ అనుమానమే ఇవాళ్టి కులానికి ఉన్న బలం. 1901లో స్టేషన్ మాస్టర్ ముఖం తిప్పుకుని పోయినప్పుడు పిల్లలకు కారణం తెలుసు. మాకు తెలియదు. తెలియనిదాన్ని మనసులో మోసుకుంటూ తర్వాతి ఊరికి పోవాలి. తర్వాతి లాడ్జిలో ఆధార్ ఇచ్చేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది. చవక ప్రయాణాల గురించి రాసేవాళ్లు, స్థానికుల ఇళ్లలో ఉండండి, వాళ్ల వంటింట్లో తినండి, ఖర్చు తగ్గుతుంది, అనుభవం పెరుగుతుంది అని సలహా ఇస్తుంటారు. ఆ వంటింట్లోకి రావచ్చా అని అడగాల్సిన అవసరం ఎప్పుడూ పడనివాళ్లు రాసిన సలహా అది. పెద్ద హోటల్లో కులం అడగరు, డబ్బు అడుగుతారు. డబ్బు లేనప్పుడే మనుషుల దయ మీద ఆధారపడాలి, ఆ దయకే కులం ఉంటుంది. చవకగా తిరగడం అందరికీ ఒకే ధరకు దొరకదు.

జన్నారం నుంచి ఉట్నూరు పోయే దారి కవ్వాల్ టైగర్ రిజర్వు మధ్యలోంచి పోతుంది. 2012లో దీన్ని రిజర్వుగా ప్రకటించారు. మే నెలలో టేకు చెట్లకు ఆకు ఉండదు. అడవి అంతా బూడిద రంగు కట్టెల్లా నిలబడి ఉంటుంది, మధ్యలో ఎక్కడో ఒక మోదుగ, ఒక ఇప్ప. చూడడానికి ఏమంత అందంగా లేదని జూనియర్ అంది. రూమ్మేట్ బస్సు కిటికీలోంచి చెయ్యి చాపి చూపించడం మొదలుపెట్టింది. అదిగో ఆ వాగులో వేసవిలో చెలిమ తోడితే నీళ్లొస్తాయి. ఆ గుట్ట మీద తునికాకు బాగుంటుంది. ఆ మలుపులో మా మేనమామ ఎడ్లు పులికి పోయాయి. పది నిమిషాల్లో అడవి మాకు వేరేగా కనిపించింది. అది ఆమె ఇంటి పెరడు. మా బస్సు ఆమె పెరట్లోంచి పోతోంది.

కవ్వాల్ కోర్‌లోని రాంపూర్, మైసంపేట గూడేలను ఇటీవలే బయటికి తరలించారు. కోర్ ప్రాంతాల నుంచి వెళ్లే కుటుంబానికి ఇప్పుడు ప్యాకేజీ 15 లక్షలు. స్వచ్ఛందం అంటారు. బడికి టీచరు రాక, రోడ్డు వేయనివ్వక, కరెంటు స్తంభం పాతనివ్వక, ఇరవై ఏళ్లు అలా ఉంచి, ఆ తర్వాత పోతారా అని అడిగితే పోతామనే అంటారు. దాన్ని ఏ రకమైన ఇష్టం అనాలో నాకు తెలియదు. 2024 జూన్ 19న జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. దేశంలోని 54 టైగర్ రిజర్వుల కోర్‌లలో ఇంకా 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఉన్నాయి, తరలింపు వేగవంతం చేయండి అని. అటవీ హక్కుల చట్టం ఏమంటుందో ఆ లేఖ చదివినప్పుడు గుర్తు చేసుకోవాలి. 2006 నాటి ఆ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం మొదట హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. మనుషులూ జంతువులూ కలిసి బతకడం సాధ్యం కాదని నిరూపించాలి. గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పునరావాసంలో ఇళ్లూ భూమీ సిద్ధమయ్యాకే కదిలించాలి. ఈ వరుసలో మొదటి మెట్టు దగ్గరే ఎన్ని చోట్ల ఆగిపోయారో చదువుకునేవాళ్లు తమ తమ జిల్లాల్లో అడిగి చూడవచ్చు. మంచి థీసిస్ అవుతుంది కూడా.

మార్లవాయిలో రూమ్మేట్ వాళ్ల పిన్ని ఇంట్లో రెండు రోజులున్నాం. గట్క, పప్పు, ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు చేసే ఇప్పపువ్వు లడ్డూలు. ఖర్చు సున్నా. కొమురం భీం చంపబడ్డాక, ఈ జనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పంపితే ఆయన కాపురం పెట్టింది ఈ ఊళ్లోనే. భార్య బెట్టీ సమాధి ఇక్కడే ఉంది. మానవశాస్త్రం చదివేవాళ్లకు ఇది తీర్థం లాంటిది. పిన్నికి మాత్రం మేం నలుగురం అక్కడికి ఎందుకొచ్చామో చివరిదాకా అర్థం కాలేదు. "సర్వేకు వచ్చిన్రా?" అని రెండుసార్లు అడిగింది. మా అమ్మ అడిగిన ప్రశ్నకు ఇది అవతలి వైపు. బయటివాళ్లు ఊరికే రారు, ఏదో రాసుకోవడానికో ఏదో తీసుకుపోవడానికో వస్తారు అని ఆమెకు అనుభవం. "ఊకెనే పెద్దమ్మా" అన్నాను. నమ్మినట్టు అనిపించలేదు.

అక్కడి నుంచి కెరమెరి ఘాట్ దిగి జోడేఘాట్. 1940లో భీం నేలకొరిగిన చోటు. మ్యూజియం ఉంది, విగ్రహం ఉంది. మేం తిరిగొచ్చిన కొద్ది రోజులకు, మే 30న, తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. కవ్వాల్‌నూ మహారాష్ట్రలోని తాడోబానూ కలిపే పులుల దారిని, దాదాపు 1.49 లక్షల హెక్టార్లను, కొమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. అడవి మీద హక్కు అడిగి చచ్చిపోయిన మనిషి పేరే దానికి పెట్టారు. ఎవర్నీ ఖాళీ చేయించం అని అధికారులు చెప్పారు. నిజమే, చట్టంలో కన్జర్వేషన్ రిజర్వు అంటే తరలింపు కాదు. కానీ అదే చట్టం, వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఏ సెక్షన్, ప్రకటించే ముందు స్థానిక జనంతో సంప్రదించాలని కూడా చెబుతుంది. ఎవర్ని సంప్రదించారు అని ఆదివాసీ సంఘాలు అడిగాయి. బంద్ జరిగింది. జూలైలో జీవోను నిలుపుదల చేశారు. రద్దు చేయలేదు, నిలుపుదల చేశారు. ఈ రెండు మాటలకు తేడా ఆదిలాబాద్‌లో చదువు రానివాళ్లకు కూడా తెలుసు.

ఇక్కడ మన గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. అడవి ఆదివాసీల విషయం, మనది ఊరి చివర విషయం అన్నట్టు అంబేడ్కర్‌వాద విద్యార్థులం చాలాకాలం ఉన్నాం. నేనూ అలాగే ఉన్నాను. కెరమెరి, జివతి సరిహద్దులో పరంధోలి లాంటి పన్నెండు గ్రామాలున్నాయి. తెలంగాణా మాదంటుంది, మహారాష్ట్రా మాదంటుంది. జనానికి రెండేసి ఓటరు కార్డులు, రెండేసి రేషన్ కార్డులు. కరువు కాలంలో మరాఠ్వాడా నుంచి వచ్చి స్థిరపడ్డ దళిత కుటుంబాలూ వాటిలో ఉన్నాయి. అటవీ హక్కుల చట్టంలో ఇలాంటి వాళ్లను 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు' అంటారు. పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు చూపించాలి. 1930 నాటి కాగితం తెమ్మని అర్థం. 1930లో భూమి కాదు కదా, బావి దగ్గరికి పోయే హక్కు కూడా లేని మనిషి కాగితం ఎక్కడి నుంచి తెస్తాడు? కరువుకు వలస వచ్చినవాడికైతే ఆ లెక్క పుట్టుకతోనే కుదరదు. దీన్ని రూమ్మేట్‌తో వాదించాను. ఆమె వేరే మాట చెప్పింది. "మీకు పట్టా వస్తే వెనకాలే షావుకారు వస్తడు" అంది. ఏజెన్సీలో ఆదివాసీయేతరులకు భూమి బదిలీ కాకుండా ఆపే 1/70 చట్టం చుట్టూ వాళ్ల ఇంట్లో మూడు తరాల భయం ఉంది. ఆ చట్టం దృష్టిలో నేనూ షావుకారూ ఒకటే, ఇద్దరం ఆదివాసీయేతరులమే. అది నాకు బాధ కలిగించే నిజం. అయినా 1/70 ఉండాలనే అంటాను. 75 ఏళ్ల షరతు మాత్రం పోవాలి. ఈ రెండూ ఎక్కడో గుద్దుకుంటాయని తెలుసు. తెలిసే అంటున్నాను.

ఆసిఫాబాద్ నుంచి వాంకిడి దాటాక రాష్ట్రం మారింది, జీరో టికెట్ అయిపోయింది. రాజురాలో మహారాష్ట్ర బస్సు. అక్కడ ఆడవాళ్లకు సగం టికెట్, కాబట్టి జూనియర్‌కు కూడా న్యాయం జరిగింది. మహారాష్ట్రలో ప్రభుత్వ బస్సును ఎస్టీ అంటారు. స్టాండులో జనమంతా "ఎస్టీ ఎప్పుడొస్తది, ఎస్టీ ఎప్పుడొస్తది" అని మరాఠీలో అడుగుతుంటే, "నా కోసం ఇంతమంది ఎదురుచూడడం మొదటిసారి చూస్తున్న" అంది రూమ్మేట్. ఆ మధ్యాహ్నం చంద్రపూర్‌లో దిగాం. గోండు రాజుల కోటగోడల నగరం, దాని చుట్టూ బొగ్గు గనులు, 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. గోడల మీద, చెట్ల మీద, చెరుకురసం బండి మీద సన్నటి నల్లపొడి. పులికి అడ్డం తునికాకు ఏరే ముసలమ్మ అని చెప్పే రాజ్యానికి అడవి అంచున బొగ్గు తవ్వకం అడ్డంగా ఎందుకు కనిపించదో చంద్రపూర్‌లో ఒక సాయంత్రం నిలబడితే ఎవరికైనా అడగాలనిపిస్తుంది.

గొడవ తాడోబా దగ్గర జరిగింది. సఫారీకి పోదామని నేనూ జూనియర్ అన్నాం. ఇంత దూరం వచ్చాం కదా. ఆరుగురు కూర్చునే జిప్సీ, నాగపూర్ నుంచి వచ్చిన మరో నలుగురితో పంచుకుంటే తలా దాదాపు రెండు వేలు. తొమ్మిది రోజుల ఖర్చులో అది పెద్ద ముక్క. స్నేహితుడు డబ్బు లేదన్నాడు. రూమ్మేట్ కారణం వేరు. తాడోబా అనే పేరు తారు అనే గోండు పెద్ద పేరు మీద వచ్చింది. పులితో పోరాడి చనిపోయాడని కథ. చెరువు గట్టున పెద్ద చెట్టు కింద ఆయన గుడి ఉంది, అది ఇప్పుడు కోర్ లోపల. "మా దేవుణ్ణి జీపు మీంచి, టికెట్ కొనుక్కుని, కిందికి దిగకుండా చూడాల్నా?" అంది. "నువ్వు పో. నేను రాను" అంది. నేను పోయాను.

మొహర్లీ గేటు. తెల్లవారుజాము. మా గైడు చుట్టుపక్కల ఊరి గోండు యువతి, ఖాకీ చొక్కా, చాలా తెలివైన కళ్లు. ఒక పెద్ద గడ్డిమైదానం దగ్గర జిప్సీ ఆగింది. ఇక్కడ పులి కనిపించే అవకాశం ఎక్కువ అని చెప్పింది. ఎందుకు అని నాగపూర్ అతను అడిగాడు. ఇక్కడ ముందు ఊరు ఉండేది, పొలాలు ఉండేవి, ఊరిని లేపేశాక గడ్డి వచ్చింది, గడ్డికి జింకలు వచ్చాయి, జింకలకు పులి వచ్చింది అంది. పాఠం చెప్పినట్టు చెప్పింది, రోజూ చెబుతుంది కాబోలు. జామ్ని, నవేగావ్ లాంటి ఊళ్లు అలా పోయినవే. 1955లో నేషనల్ పార్కు, 1995లో టైగర్ రిజర్వు. మధ్యలో ఎన్ని పొయ్యిలు ఆరాయో సఫారీ టికెట్ వెనక రాసి ఉండదు. ఆ మైదానంలోనే పులి కనిపించింది. ఆడపులి. మా వైపు చూడకుండా, ఎండిన గడ్డిలో, తన ఇంట్లో తాను నడిచినట్టు నడిచిపోయింది. అబద్ధం చెప్పను. నాకు కళ్లలో నీళ్లు వచ్చినంత సంతోషం వేసింది. ఇరవై ఎనిమిదేళ్లలో పనితో సంబంధం లేకుండా నేను పొందిన ఒక్క అందమైన విషయం అది. అది నాకు దక్కడానికి ఎవరి ఇల్లో ఖాళీ అయింది. తారు గుడి దూరంగా చెరువు గట్టున కనిపించినప్పుడు ఫోటో తీయలేకపోయాను.

బయటికి వచ్చేసరికి రూమ్మేట్ టీ బండి దగ్గర కూర్చుని ఉంది. "కనబడ్డదా?" అంది. కనబడ్డదన్నాను. "మంచిగున్నదా?" అంది. మంచిగున్నదన్నాను. ఆ రోజంతా మామూలుగానే మాట్లాడింది. రాత్రి మాత్రం ఒక మాట అంది. పోయిన ఏడాది నవంబర్‌లో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేనులో పని చేస్తున్న ఇరవై ఒక్క ఏళ్ల పిల్లను పులి చంపింది, గుర్తుందా అని. చంద్రపూర్ జిల్లాలో తునికాకు సీజన్లో ఇలాంటి వార్తలు రాని వేసవి ఉండదు. పులి రిజర్వు గీతలు చూసుకుని నడవదు. అది తిరిగే దారీ, బీదవాళ్లు పనికి పోయే దారీ ఒకటే. మేం బస్సుల్లో వచ్చిన దారి కూడా అదే.

సఫారీలు నిషేధించాలా? నేను అలా అనలేను. ఆ గైడు పిల్ల జీతం అక్కడి నుంచే వస్తుంది. కానీ లోపల ఊరున్నవాడు చొరబాటుదారు, రెండు వేలు కట్టిన నేను అతిథిని అనే లెక్కను ఒప్పుకోలేను. గేటు గ్రామసభ చేతిలో ఉండాలి. ఎన్ని జిప్సీలు పోవాలో, ఏ రోజు తారు జాతరకు మూయాలో, వచ్చిన డబ్బులో ఎంత ఎవరికో వాళ్లు చెప్పాలి. ఆదివాసీకి గైడు యూనిఫారం ఇవ్వడం భాగస్వామ్యం కాదు, అది ఉద్యోగం. అది కూడా ఒక సీజన్ ఉద్యోగం, వానాకాలంలో గేటు మూస్తారు.

ఇంకొకటి మన సంఘాలకు. మన క్యాలెండర్లో ఏప్రిల్ 14 ఉంది, డిసెంబర్ 6 ఉంది, జనవరి 1 భీమా కోరేగావ్ ఉంది. ఒక వేసవి ప్రయాణం లేదు. మన పిల్లలు విశ్రాంతి అంటే సిగ్గుపడేలా పెరుగుతున్నారు. సంక్షేమ హాస్టళ్ల పిల్లలు పదేళ్లు చదివి, జిల్లా దాటకుండా బయటికి వస్తున్నారు. మా సీనియర్ పంపిన తొమ్మిది నంబర్లు తొమ్మిది వందలు కావాలి. దానికి డబ్బు కూడా అక్కర్లేదు, ఒక మేడా, నాలుగు చాపలూ ఉంటే చాలు. కులం దాచుకుని ముప్పై మందితో బయల్దేరిన ఆయన ఆ రోజు కోట చూశాడు. సిపాయి వెంట ఉన్నా చూడకుండా తిరిగి రాలేదు.

చంద్రపూర్‌లో దీక్షాభూమి ఉందని చాలామంది తెలుగు విద్యార్థులకు తెలియదు. నాగపూర్‌లో 1956 అక్టోబర్ 14న బౌద్ధం తీసుకున్న బాబాసాహెబ్ రెండు రోజులకే, అక్టోబర్ 16న, ఇక్కడికి వచ్చి ఇక్కడి జనానికి దీక్ష ఇచ్చాడు. మేం పోయిన మధ్యాహ్నం ఎవరూ లేరు. కాపలా దాదా మమ్మల్ని చూసి "జై భీమ్, కుఠూన్ ఆలాత్?" అన్నాడు. హైదరాబాద్ నుంచి అన్నాం. ఏం పని మీద అని అడగలేదు. నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

నాగపూర్‌లో చివరి రోజు పొద్దున తర్రీ పోహా తిని దీక్షాభూమికి నడిచాం. స్తూపం లోపల చల్లగా ఉంది. గచ్చు మీద చాలామంది ఊరికే కూర్చుని ఉన్నారు. పిల్లలు పాకుతున్నారు, ఒక ముసలాయన గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. అక్కడి నుంచే అమ్మకు వీడియో కాల్ చేసి చుట్టూ తిప్పి చూపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"అందర్నీ రానిస్తరా లోపటికి?"

"రానిస్తరమ్మా."

"పైసలా?"

"పైసలు లేవు."

కాసేపు ఆగింది. దసరాకు అక్కడ లక్షల మంది వస్తారని చెప్పాను. ఇక్కడ అప్పుడు పత్తి చేన్లలో పని ఉంటుంది. ఫోన్లో నాన్నను పిలిచి ఏదో లెక్క అడుగుతోంది. పోను ఒక రోజు, రాను ఒక రోజు, ఆడ ఒక రోజు. మళ్లీ నా వైపు తిరిగింది.

"మూడు రోజుల కూలి పోతది" అంది. "పోతే పోనియ్. మీ నాయనకు టికెట్ ఎంతనో అడుగు."